‘ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ ముగింపు గురించి ఒక సందేహం

బరంపురం నివాసి:
మేము నలుగురైదుగురు మిత్రులం నెలకొకసారి మా ఇంట్లో కూడి పాత చిత్రం ఒకటి చూస్తుంటాము. ఈ నెల జిల్లో పోంటెకోర్వో 1966లో తీసిన ‘ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ చూశాము. అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో కస్బా అనే పాత పేటలో దాగి ఫ్రెంచి పాలనపై పోరాడే రహస్య దళాలను పారాట్రూపర్లు ఒక్కొక్కటిగా ఛేదించి, 1957లో, గోడ వెనుక నక్కిన దళనాయకుడు అలీ లా పాయింట్‌ను ఇంటితో సహా పేల్చివేస్తారు. సైన్యం గెలిచింది. ఆ వెంటనే కథ 1960 డిసెంబరుకు దూకుతుంది, జనం జెండాలు పట్టుకొని వీధుల్లోకి వస్తారు. నడుమ మూడేళ్ళలో ఏమి జరిగిందో దర్శకుడు చూపడు. ఇది కథనలోపమా, కావాలని వదిలిన ఖాళీయా? లోపమేనని మా మిత్రుడు పట్టుపట్టాడు, నేను బదులు చెప్పలేకపోయాను. (చివరలో మిద్దెల మీద ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే ధ్వని విని, వంటింట్లోంచి మా అమ్మ “ఎవరింట్లో పెళ్ళిరా, హుళహుళి వినిపిస్తోంది?” అంటూ బయటికి వచ్చింది.)

పర్లాకిమిడి పాఠకుడు:
లోపమని నేను అనుకోను. పారాట్రూపర్లను నడిపే కల్నల్ మాథ్యూ నల్లబల్ల మీద త్రికోణాలు గీసి, దళంలో ఒక్కొక్కరికి తెలిసినది ముగ్గురే, తనను చేర్చుకున్నవాడూ తాను చేర్చుకున్న ఇద్దరూ అని వివరిస్తాడు. ఆ పేర్లు రాబట్టడానికే చిత్రహింసలు. విలేఖరులు అడిగినప్పుడు కూడా అతడు నంగనాచిలా మాట్లాడడు. ఫ్రాన్సు అల్జీరియాలో ఉండాలని మీరు కోరుకుంటే దాని పర్యవసానాలన్నీ ఒప్పుకోవలసిందేనని తేల్చి చెబుతాడు. లెక్క ప్రకారం అతడే గెలిచాడు. అయితే 1957 జనవరి 28న మొదలైన ఎనిమిది రోజుల సమ్మెలో దుకాణాలు మూసుకొని కూర్చున్నవాళ్ళూ, సైనికులు ఇళ్ళలోంచి ఈడ్చుకొచ్చి లారీలెక్కించినవాళ్ళూ ఆ త్రికోణాలలో లేరు. 1960లో వీధికెక్కింది వాళ్ళే.

రాయగడ నుండి:
పై మాట సగమే ఒప్పుకుంటాను. ఈ చిత్రానికి ఆధారం సాదీ యాసెఫ్ జ్ఞాపకాలు. కస్బాలో పోరాటాన్ని నడిపిన నాయకుడు ఆయనే, చిత్ర నిర్మాణంలో భాగస్వామి ఆయనే, తనను పోలిన పాత్రలో నటించిందీ ఆయనే. కొండలలో సాగిన యుద్ధం గానీ, ఫ్రెంచి పక్షాన పనిచేసిన అల్జీరియన్ల కథ గానీ ఇందులో లేకపోవడానికి కారణం కొంత అదే. 1958 మే నెలలో అల్జీర్స్‌లో స్థిరపడిన ఐరోపావాళ్ళూ సైన్యమూ తిరగబడడంతోనే ఫ్రాన్సులో డి గాల్ మళ్ళీ అధికారంలోకి వచ్చాడు. 1960 డిసెంబరు ప్రదర్శనలు కూడా ఆయన అల్జీరియా పర్యటన సమయంలోనే జరిగాయి. ఇవి తెలియని ప్రేక్షకుడికి ఆ ముగింపు ఆకాశం నుండి ఊడిపడినట్టే ఉంటుంది. ఒక విషయంలో మాత్రం దర్శకుడిని మెచ్చుకోవాలి: బాంబు తెచ్చిన యువతి కాఫీ దుకాణంలో తన చుట్టూ ఉన్న ముఖాలను, ఐస్‌క్రీం తింటున్న చిన్నపిల్లవాడితో సహా, ఒక్కొక్కటిగా చూస్తుంది. కస్బాలో చనిపోయినవారికీ, ఆ దుకాణాలలో చనిపోయినవారికీ ఒకే విషాద సంగీతం వినిపిస్తుంది.

కొరాపుట్ మాస్టారు:
బరంపురం మిత్రమా, మా కొరాపుట్ ప్రాంతపు స్వాతంత్ర్య సమరయోధుడు లక్ష్మణ్ నాయక్‌ను 1943 మార్చి 29న ఉరితీసింది మీ ఊరి జైలులోనే. 1942 ఆగస్టులో మథిలి పోలీసు స్టేషను వద్ద కాల్పులు జరిగిన తరువాత ఆయనపై హత్యానేరం మోపారు. మా తాతగారు ఈ కథ చెప్పినప్పుడల్లా “ఉరి తీశారు, తరువాత స్వరాజ్యం వచ్చింది” అని ఒక్క ఊపిరిలో ముగించేవారు. నడుమ నాలుగేళ్ళు ఏమయ్యాయని మాలో ఎవరమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. జనం నోట నిలిచే చరిత్రలో ఇటువంటి దూకుళ్ళు మామూలే కాబట్టి ఆ ముగింపు నాకు కొత్తగా అనిపించలేదు.

బరంపురం నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. రాయగడ వారు చెప్పిన 1958 సంగతి మా మిత్రుడికి చదివి వినిపించాను, వాడు మరీ బిగుసుకున్నాడు. నిన్న రాత్రి చిత్రాన్ని మళ్ళీ చూశాను. సమ్మె రోజులలో ఒమర్ అనే పిల్లవాడు సైనికుల మైకు కాజేసి జనానికి ధైర్యం చెబుతాడు. వెంటనే ముసుగుల చాటు నుండి ఆడవాళ్ళు అదే హుళహుళి అందుకుంటారు. మొదటిసారి దానిని నేను పట్టించుకోలేదు. ఈసారి అమ్మను పిలిచి, ఆ ముక్కే రెండుసార్లు వేసి చూపించాను.