అప్‌డేట్: అమ్మ రక్తహీనత గురించి అడిగాను కదా

రోజూ ఆకుకూర తింటున్నా మా అమ్మకి హిమోగ్లోబిన్ ఎందుకు పెరగడం లేదని అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. గుంటూరులో డాక్టర్ గారికి చూపించాం. ఫెరిటిన్ పరీక్షలో ఇనుము నిల్వలు బాగా తగ్గాయని తేలింది. లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమోనని కూడా చూశారు, అలాంటిదేమీ లేదు.

తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదట. ఆకుకూరలు, పప్పుల్లో ఉండే ఇనుమును మన పేగులు మాంసంలోని ఇనుమంత తేలిగ్గా పీల్చుకోలేవు. పైగా అమ్మకి అన్నం తినగానే టీ పడాలి. టీలోని టానిన్లు ఆ కాస్త ఇనుమునూ పట్టేసుకుంటాయి. విటమిన్ సి మాత్రం ఇనుమును పేగు పీల్చుకోగల రూపంలోకి మారుస్తుంది. అందుకే తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండుతున్నాం, భోజనంలో జామకాయ ముక్కలు పెడుతున్నాం. టీ మాత్రం గంట దాటాకే. మొదట్లో అమ్మ చాలా ఇబ్బంది పడింది, పాపం.

నిల్వలు ఇంత తగ్గాక తిండి ఒక్కటే చాలదని ఐరన్ మాత్రలు ఇచ్చారు. కాల్షియం మాత్రతో కలిపి వేయొద్దన్నారు, అది ఇనుముకు అడ్డుపడుతుంది. హిమోగ్లోబిన్ 8.6 నుంచి 10.9కి వచ్చింది. ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి. అది దాటినా, నిల్వలు నిండేదాకా మాత్రలు ఆపొద్దన్నారు.