అంగన్‌వాడీకి వేసే రంగుల్లో సీసం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మా ఊరి అంగన్‌వాడీకి చందాలేసుకుని రంగులు వేయిస్తున్నాం. కిటికీలకు, గేటుకు అని మేస్త్రీ తెచ్చిన పసుపు, ఎరుపు ఎనామిల్ డబ్బాల మీద సీసం గురించి ఒక్క ముక్క కూడా లేదు, అదే నా టెన్షన్. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదని, ఆ సంగతి డబ్బా మీద రాయాలని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది, 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి కూడా. పరిశ్రమలకు వాడే రంగులకు మాత్రం ఇవి వర్తించవు, అలాంటివే మన గేట్లకు వచ్చేస్తున్నాయేమోనని అనుమానం.

పిల్లల మెదడుకు ఇంత మోతాదైతే ఫర్వాలేదు అనే హద్దే సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెచ్చులూడితే వేళ్లతో గిల్లి నోట్లో పెట్టుకునే వయసు వాళ్లది!

తెలుగు రాష్ట్రాల్లో మామూలు జనం రంగు నమూనా ఇస్తే పరీక్షించే ల్యాబ్ ఎక్కడుంది, ఖర్చెంత? లేబుల్ లేని డబ్బాలపై కాలుష్య నియంత్రణ మండలికి ఎవరైనా ఫిర్యాదు చేశారా, ఏం జరిగింది? పాత రంగును పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది కదా, తడిపి గీకితే సరిపోతుందా? ఇంకోటి, బడులకు, అంగన్‌వాడీలకు కొనే రంగులకు పరీక్ష రిపోర్టు తప్పనిసరి అని పంచాయతీతో తీర్మానం చేయించిన వాళ్లుంటే దాని నకలు పెట్టండి, దయచేసి.