లైబ్రరీలో కంప్యూటర్లు తీసేసి రీడింగ్ సీట్లు వేయాలా? మీరేమంటారు

గ్రూప్స్_బ్యాచ్:
మా యూనివర్సిటీ లైబ్రరీ కింది ఫ్లోర్‌లో ఒక పెద్ద హాల్ నిండా పాత సిస్టమ్స్ ఉన్నాయి. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14 తో మామూలు సపోర్ట్ ఆపేసింది, వీటిలో విండోస్ 11 ఎక్కదంట, మార్చాలంటే లక్షలు కావాలి. అందుకే మొత్తం తీసేసి టేబుళ్లు, ప్లగ్ పాయింట్లు వేయమని స్టూడెంట్స్ ఒక లెటర్ రెడీ చేశారు, నేనూ సంతకం పెట్టా. పైన రీడింగ్ హాల్‌లో గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై వాళ్లు తెల్లారకముందే బ్యాగులు పెట్టి సీట్లు ఆపుకుంటున్నారు, కింద ఏసీ వేసి కంప్యూటర్లకి జోకొడుతున్నారు. చేతిలో ఉన్న ఫోన్ కూడా కంప్యూటరే కదా, ఇంకెందుకు ఆ డబ్బాలు?

సైలెంట్_స్కాలర్:
ఫోన్ కంప్యూటరే, కాదని ఎవరన్నారు. ప్రాసెసర్, మెమరీ, స్టోరేజ్ అన్నీ ఉన్నాయి, మీ లైబ్రరీలో ఉన్న పాత సిస్టమ్ కంటే స్పీడ్ కూడా ఎక్కువే ఉండొచ్చు. కానీ బ్రో దాని మీద థీసిస్ చాప్టర్ టైప్ చేసి చూశావా, ఫుట్‌నోట్లు, టేబుళ్లు, పక్కన ఇంకో పేపర్ తెరిచి పెట్టుకుని? రెండు కాలమ్స్ ఉన్న పీడీఎఫ్‌ని ఆ బుల్లి స్క్రీన్ మీద పక్కకి జరుపుకుంటూ చదివితే పేజీ అయ్యేలోపు మొదట్లో ఏం చదివామో మర్చిపోతాం. ఇంకోటి, కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద మూడేళ్లకి 6,000 కోట్లు పెట్టి 2025 జనవరి నుంచి దాదాపు 13,000 జర్నల్స్ మన గవర్నమెంట్ యూనివర్సిటీలకి తెరిచింది. అవన్నీ కూర్చుని చదవడానికి చోటు లేకపోతే ఎవరికోసం కొన్నట్టు?

మస్తు_చదువు:
అన్నా, క్యాంపస్ వైఫైకి కనెక్ట్ అయితే ఆ జర్నల్స్ సొంత ల్యాప్‌టాప్‌ల కూడా వస్తయ్ గదా. పబ్లిషర్ చూసేది మన నెట్‌వర్క్ ఐపీ అడ్రస్‌నే, డబ్బాని కాదు. శోధ్‌గంగ అని మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే సైట్ ఉంది గదా, అండ్లయి అయితే ఇంట్ల కూసోని ఫోన్‌ల తెరిచినా వస్తయ్. నేను ఆ హాల్‌కి పోయినప్పుడల్లా చూసేది ఒక్కటే, ఒకడు ట్రైన్ టికెట్ బుక్ చేస్తుంటడు, ఇంకొకడు యూట్యూబ్.

సైలెంట్_స్కాలర్:
సొంత ల్యాప్‌టాప్ అని ఎంత ఈజీగా అనేశావు. మా డిపార్ట్‌మెంట్‌లో ఎంఏ తెలుగు, హిస్టరీ పిల్లల్లో సగం మందికి లేదు. ట్రైన్ టికెట్ అంటున్నావు సరే, అదే హాల్‌లో స్కాలర్‌షిప్ ఫామ్, జాబ్ అప్లికేషన్ కూడా నింపుతున్నారు, ఫోటో ఫైల్ సైజు తగ్గించి అప్‌లోడ్ చేయమంటే ఫోన్‌లో చుక్కలు కనిపిస్తాయి. దీన్ని మిస్‌యూజ్ అంటే నేను ఒప్పుకోను. బయట నెట్ సెంటర్ వాడు ప్రతి ఫామ్‌కీ గుంజుతున్నాడు.

ర్యాక్_నంబర్:
నేను లైబ్రరీలో పనిచేస్తా, వేరే ఊర్లే అనుకోండి. ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. సాయంత్రం సిస్టమ్స్ ఆపేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఎవరెవరివో హాల్ టికెట్లు, కులం సర్టిఫికెట్లు, ఆధార్ పీడీఎఫ్‌లు వరసగా పడి ఉంటాయి, బ్రౌజర్‌లో ఎవరి మెయిలో తెరిచే ఉంటుంది, లాగౌట్ చేసే అలవాటే లేదు మనవాళ్లకి. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయే వైరస్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇక ఆ లక్షల లెక్క నాకు నమ్మకం లేదు, పాత సిస్టమ్స్‌లో విండోస్ బదులు లైనక్స్ వేస్తే రూపాయి లైసెన్స్ ఖర్చు లేదు, కేరళ సర్కారు బడుల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. గెస్ట్ సెషన్ పెడితే మనిషి లేవగానే వాడినదంతా చెరిగిపోతుంది. మా క్యాటలాగ్ కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, దానికి కావాల్సింది ఒక బ్రౌజర్, అంతే.
తెలుగు పుస్తకాల బాధ వేరే. మా దగ్గర పేర్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఎక్కించారు, శతకం అని వెతకాలంటే ఎస్ పక్కన హెచ్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి, టి పక్కన పెట్టి ఇంకోసారి కొట్టాలి. పిల్లలు పుస్తకం లేదనుకుని వెళ్లిపోతారు, అది ర్యాక్‌లోనే ఉంటుంది. కంప్యూటర్లు ఉంచాలా తీయాలా అని కొట్టుకునే బదులు ఈ ఎంట్రీలు యూనికోడ్ తెలుగులోకి మార్చమని ఎవరైనా లెటర్ పెడితే బాగుండు.

వింటూ_చదివే:
నాకు చూపు లేదు. మా లైబ్రరీలో రెండు సిస్టమ్స్‌లో ఎన్‌వీడీఏ ఉంది, ఫ్రీ సాఫ్ట్‌వేర్, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా. ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడతాను కానీ అసైన్‌మెంట్ రాయాలంటే కీబోర్డ్ కావాల్సిందే. సీట్ల కోసం తీసేస్తే నేనెక్కడికి వెళ్లాలో కూడా లెటర్‌లో రాయండి. ర్యాక్_నంబర్ గారూ, లైనక్స్ అంటే ఎన్‌వీడీఏ నడవదండీ, అది విండోస్‌కే. అక్కడ ఓర్కా ఉంటుంది, నేను వాడి చూశాను కానీ తెలుగు గొంతు అంత నచ్చలేదు. అందరికీ ఒకేసారి మార్చేయకండి.

మస్తు_చదువు:
ఇది నిజమే. ఆ రెండు ఉంచాలె, కొత్తవి కొనియ్యాలె. కానీ మిగతా హాల్ సంగతి? పోటీ పరీక్షలోల్లు లైబ్రరీ సభ్యులు కారా?

ర్యాక్_నంబర్:
సభ్యులే, కానీ చాలామంది లైబ్రరీ పుస్తకం ముట్టరు, సొంత కోచింగ్ మెటీరియల్ తెచ్చుకుంటారు. వాళ్లకి కావాల్సింది ఫ్యాను, లైటు, టేబుల్. దానికి ఖాళీ క్లాస్‌రూమ్ రాత్రి తెరిచినా సరిపోతుంది, తాళం ఎవరు తీస్తారన్నదే గొడవ.

గ్రూప్స్_బ్యాచ్:
క్లాస్‌రూమ్‌ల కోసం పోయినేడే అడిగాం సార్, సెక్యూరిటీ లేదన్నారు. లెటర్ సోమవారం ఇస్తున్నాం. స్క్రీన్ రీడర్ సిస్టమ్స్ ఉంచాలి, కొత్తవి కొనాలి అన్న లైన్ చేర్పిస్తా. క్యాటలాగ్ చూడటానికి ఇంకో నాలుగు కూడా రాస్తా, అంతకుమించి ఒక్కటి కూడా కాదు.

సైలెంట్_స్కాలర్:
నాలుగా? పీహెచ్‌డీ వాళ్లు ఒక్క డిపార్ట్‌మెంట్‌లోనే అంతకంటే ఎక్కువ ఉన్నారు. ఆ లెటర్ ఇక్కడ పెట్టు, దానికి ఎదురు లెటర్ మేం రాస్తాం.