‘అప్’ అంటే పైకి అనేనా?

బందరు తాతయ్య అడిగిన ప్రశ్న

తొమ్మిదవ తరగతి చదువుతున్న మా మనవరాలు సెలవులకు వచ్చినప్పుడల్లా, దానిచేత ఇంగ్లీషు వాక్యాలను తెలుగులోకి మార్పిస్తూ ఉంటాను. మొన్న ‘డ్రింక్ అప్ యువర్ మిల్క్’ అన్న వాక్యానికి ‘నీ పాలు పైకి తాగు’ అని రాసి, తనకే నవ్వు వచ్చి, పెన్సిలుతో కొట్టివేసి నా ముఖం చూసింది. నిఘంటువులో ‘అప్’కు మొదట ఇచ్చిన అర్థం ‘పైకి’ కాబట్టి పిల్లను తప్పుపట్టలేను. తాగిన పాలు కిందికే కదా వెళ్ళేది! ‘లాక్ అప్’, ‘గివ్ అప్’, ‘టైమ్ ఈజ్ అప్’ అన్నప్పుడు పైకి పోయేది ఏమిటో నాకూ అంతుపట్టలేదు. దీనికి ఏదైనా సూత్రం ఉన్నదా, లేక ఒక్కొక్కదానినీ కంఠస్థం చేయించవలసిందేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

విశ్రాంత ఉపాధ్యాయురాలి సమాధానం

తాతయ్యగారూ, మీ మనవరాలికి కావలసిన సూత్రం తెలుగులోనే ఉన్నది. ఆ వాక్యాన్ని మన ఇళ్ళలో ఎలా అంటామో ఒకసారి గుర్తుచేసుకోండి: ‘పాలు తాగేయ్’. తాగు అన్నదానికీ తాగేయ్ అన్నదానికీ ఉన్న తేడాయే డ్రింక్‌కూ డ్రింక్ అప్‌కూ ఉన్న తేడా. గ్లాసులో చుక్క మిగలకూడదన్న మాటను మనం ‘వేయు’ అన్న సహాయక క్రియను తగిలించి చెబుతాము. ఇంగ్లీషువారు ‘అప్’ తగిలించి చెబుతారు. ఒకరు చేసే పనికి ‘వేయు’, తనంతట జరిగేదానికి ‘పోవు’ అని మనకు రెండు ఉండగా, వారికి రెండుచోట్లా ఈ చిన్న మాటే సరిపోతుంది. ‘ఈట్ అప్’ అంటే తినేయ్, ‘డ్రైడ్ అప్’ అంటే ఎండిపోయింది, ‘టైమ్ ఈజ్ అప్’ అంటే సమయం అయిపోయింది. ‘లాక్ అప్’కు తాళం వేసేయ్ అనీ, ‘గివ్ అప్’కు వదిలేయ్ అనీ రాస్తే సరిపోతుంది.

పాలు పైకి తాగడం ఏమిటని మనం నవ్వుకుంటున్నాము గాని, ‘వేయు’ అన్న క్రియకు అసలు అర్థం పడవేయడం, విసరడం కదా. తెలుగు నేర్చుకునే పరదేశి ఎవరైనా మన ‘తాగేయ్’ని విడదీసి, పాలు తాగి గ్లాసు విసిరికొట్టమంటున్నారని అనుకుంటే మనమేమి చెప్పగలము?

తరగతిలో నేను పిల్లలకు చెప్పిన పద్ధతి ఇది: ‘అప్’ కనబడగానే ముందు ‘వేయు’ గాని ‘పోవు’ గాని పెట్టి చూడాలి, అతకకపోతేనే ‘పైకి’ దగ్గరకు వెళ్ళాలి. అయితే ఒక చిక్కు ఉన్నది. కాగితం పూర్తిగా కాలి బూడిదైతే ‘బర్న్ట్ అప్’ అంటారు, ఇల్లు కాలి నేలమట్టమైతే ‘బర్న్ట్ డౌన్’ అంటారు. తెలుగులో రెండూ కాలిపోయినవే.

తెనాలి ప్రయాణికుడి సమాధానం

మేడమ్‌గారి వివరణ బాగున్నది గాని, అది క్రియ వెనుక వచ్చే ‘అప్’కు మాత్రమే వర్తిస్తుంది. రైళ్ళ సంగతి చూడండి. బ్రిటన్‌లో సాధారణంగా లండన్ వైపు వెళ్ళేది అప్ లైను, లండన్ నుండి బయటకు వచ్చేది డౌన్ లైను. దారి ఎత్తుకు ఎక్కుతున్నదా, పల్లానికి దిగుతున్నదా అన్నదానితో పని లేదు. మన దేశానికి రైళ్ళతోపాటు ఈ మాటలూ వచ్చినవి, కాని అన్నిచోట్లా ఒకే తీరుగా కుదురుకోలేదు. హౌరా నుండి కాల్కాకు బయలుదేరే మెయిలుకు పూర్వం 1 అప్ అనీ, తిరిగివచ్చేదానికి 2 డౌన్ అనీ నంబర్లు ఉండేవి. అంటే అక్కడ మహానగరాన్ని విడిచి వెళ్ళడమే అప్ అయినది. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకు చేరడాన్ని పైకి వెళ్ళడమనీ, తప్పు చేసినవాడిని వెళ్ళగొట్టడాన్ని కిందికి పంపడమనీ అంటారు. ఇటువంటి గౌరవపు ‘పై’ మనకు కొత్త కాదు: పై చదువులు, పై అధికారి, కష్టపడి పైకి వచ్చినవాడు. రోజూ తెనాలి నుండి విజయవాడకు వెళ్ళివచ్చే నావంటివారు ‘అప్ అండ్ డౌన్ చేస్తున్నాను’ అంటారు. ఆ రెండింటిలో ఏది అప్పో ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు.

పాత నిఘంటువుల అభిమాని సమాధానం

కంఠస్థం పూర్తిగా తప్పదు. ‘మేక్ అప్’ ఒక్కదానినే తీసుకుంటే, లేని కథ అల్లడం, అలిగినవారు మళ్ళీ కలిసిపోవడం, లోటు పూడ్చడం, ముఖానికి రంగు వేసుకోవడం, ఇవన్నీ అదే. వీటికి ‘వేయు’ సూత్రం చాలదు, వాక్యం మొత్తం చదివితే గాని అర్థం తేలదు. పైగా ‘అది’, ‘వాడు’ వంటి సర్వనామం వస్తే దానిని మధ్యలో ఇరికించి ‘లుక్ ఇట్ అప్’ అనాలి. ‘లుక్ అప్ ఇట్’ అంటే తప్పు.

మరొక వింత ఏమిటంటే, ఈ ‘అప్’కూ సంస్కృతంలోని ‘ఉప’కూ మూలం ఒకటే. అక్కడ పైకి వెళ్ళినది, ఇక్కడ ఉపాధ్యక్షుడు, ఉపనది అన్నప్పుడు ఒక మెట్టు దిగినది. అరువు తెచ్చుకున్న మాటలను మనమూ ఉన్నవి ఉన్నట్లు ఉంచలేదు. ఇంగ్లీషులో ‘బిల్డప్’ అంటే కొద్దికొద్దిగా పేరుకోవడం. మన దగ్గర ‘బిల్డప్ ఇస్తున్నాడు’ అంటే లేని గొప్పలు చూపించుకుంటున్నాడని.

బందరు తాతయ్య

అందరికీ ధన్యవాదములు. మా మనవరాలు కొట్టివేసిన చోటనే ‘పాలు తాగేయ్’ అని రాసుకున్నది. ఆ వెంటనే, ‘షట్ అప్’ అంటే ‘నోరు మూసేయ్’ కాబట్టి అదీ మేడమ్‌గారి లెక్కలోకే వస్తుందా అని అడిగినది. వస్తుందనే చెప్పాను, కాని ఉదాహరణకు వాళ్ళ అమ్మమ్మ మీద ప్రయోగించవద్దని మరీ మరీ చెప్పవలసివచ్చినది.