పదో తరగతి పిల్లల దగ్గరికి ఐటీఐ వాళ్లను రానివ్వాలని రూలు పెట్టాలా?

లెక్కల మాస్టారు:
సంక్రాంతి సెలవులు అయ్యాయో లేదో, ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు మా జడ్పీ హైస్కూల్ స్టాఫ్‌రూంలో దిగిపోతారు. చేతిలో డైరీలు, స్వీటు పాకెట్లు. వాళ్లకు కావలసింది పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్లు. ప్రభుత్వ ఐటీఐ నుంచి ఎవరైనా వస్తే మాత్రం సిలబస్ కాలేదని గేటు దగ్గరే పంపేస్తారు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల కోర్సులని, పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా అని, ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చని పిల్లలకు ఎవరు చెప్తారు? ఏడాదికి ఒక పూటైనా ఐటీఐ వాళ్లకు ఇవ్వాలని జీవో రావాలంటాను.

నాగావళి:
రానివ్వండి మాస్టారూ. కానీ ముందు ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు పెట్టుకున్న స్కూళ్లతో మొదలుపెట్టండి. వెల్డింగ్ గురించి చెప్పడానికి ఎప్పుడూ మా బడులే దొరుకుతాయా? మా నాన్న తాపీ మేస్త్రి. నేను డిగ్రీకి వెళ్తానంటే "మీకెందుకమ్మా పెద్ద చదువులు, ఏదో పని నేర్చుకో" అన్నవాళ్లు ఊళ్లో చాలామంది. అదే మాట ఇప్పుడు ప్రొజెక్టర్ పెట్టి చెప్తారు, అంతేగా?

స్పానర్:
ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్‌ని. మేడం కోపంలో న్యాయం ఉంది. కానీ ఇంటర్ తప్పి, రెండేళ్లు పోయాక మా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు పదో తరగతి, ఐటీఐ ఉంటే అప్లై చేయొచ్చన్న సంగతి కూడా వాళ్లకు అప్పుడే తెలుస్తుంది. అయితే పీరియడ్ ఇచ్చి ఉపన్యాసం చెప్పిస్తే ఎవరూ వినరు. మొన్న ఒక బడి పిల్లల్ని మా ఫిట్టర్ వర్క్‌షాపుకి తీసుకొచ్చారు. నేను చెప్పిందేదీ ఎక్కలేదు. ఒక పాప చేతికి వెర్నియర్ కాలిపర్ ఇచ్చాను. తన గాజు మందం కొలిచింది, పక్కపిల్ల గాజు కొలిచింది, బస్సు వచ్చిందన్నా వదల్లేదు. పిల్లల్నే ఇక్కడికి తీసుకురండి మాస్టారూ.

ముగ్గురు పిల్లల తండ్రి:
చూపించేది మీ షాపు, చేరేది ఎక్కడ సార్? మావాడు చేరిన ప్రైవేటు ఐటీఐలో లేత్ మెషీన్ మీద కప్పిన గుడ్డ ఇన్‌స్పెక్షన్ రోజున తీశారు, మర్నాడు మళ్లీ కప్పేశారు. రూలు వస్తే మీకంటే ముందు బడి గేటు దగ్గర క్యూ కట్టేది వాళ్లే. ఆ తర్వాత అప్రెంటిస్ అన్నారు. 2019 రూల్స్ ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి కనీస స్టైఫండ్ నెలకు 7,000. ఊరు కాని ఊళ్లో రూమ్ అద్దె, మెస్ పోగా ఇంకా మేమే పంపాల్సి వచ్చింది.

లండన్ అత్తయ్య:
ఇంగ్లండ్‌లోనూ ఇదే గొడవ. టెక్నికల్ కోర్సుల వాళ్లను, అప్రెంటిస్‌షిప్‌ల వాళ్లను స్కూళ్లలోకి రానివ్వాలని మాజీ విద్యామంత్రి లార్డ్ బేకర్ పట్టుబట్టిన రూలు 2018 జనవరిలో అమల్లోకి వచ్చింది. చాలా స్కూళ్లు పట్టించుకోలేదు. పదహారేళ్ల పిల్లవాడు బయటికి పోతే వాడి పేరున వచ్చే నిధులూ పోతాయి కదా! అందుకే 2023 జనవరి నుంచి లెక్క కట్టి మరీ పెట్టారు: ఇయర్ 8 నుంచి 13 లోపల (అంటే పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు) వాళ్లను ఆరుసార్లు పిలవాలి, మొదటి నాలుగింటికీ పిల్లలందరూ హాజరు కావాలి. మా వాట్సాప్ గ్రూపులో తెలుగు అమ్మానాన్నలు అప్రెంటిస్ అనగానే మూతి విరిచారు. పని చేస్తూనే డిగ్రీ చదివే డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లో ఫీజు ఉండదు, పైగా జీతం ఇస్తారు అనేసరికి లింకు పంపమన్నారు! నాగావళి గారూ, మీకొక మాట. ఈటన్ లాంటి ఫీజు స్కూళ్లకు ఈ రూలు లేదు.

నాగావళి:
చూశారా, అక్కడా అంతే! జీవో మొదటి లైన్లోనే "ప్రైవేటు స్కూళ్లతో సహా" అని ఉంటే నేనూ సంతకం పెడతాను.

లెక్కల మాస్టారు:
అలాగే రాద్దాం. లేత్ సంగతికి ఇంకో షరతు పెడదాం. ఏ ఐటీఐ వాళ్లు వచ్చినా కిందటేడు ఎంతమంది పాసయ్యారో, ఎక్కడ పనిలో చేరారో కాగితం మీద రాసి హెడ్మాస్టరుకి ఇవ్వాలి.

ముగ్గురు పిల్లల తండ్రి:
ఆ కాగితం నిజమో కాదో ఎవరు చూస్తారు మాస్టారూ? ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయనేనా?