కార్టికోస్టెరాన్ ఇచ్చినా లేడిగ్ కణాలు చావడం లేదు, టెస్టోస్టెరాన్ మాత్రం పడిపోతోంది

ప్రశ్న: ఎలుక వృషణాల నుంచి తీసిన లేడిగ్ కణాలు (టెస్టోస్టెరాన్ తయారుచేసేవి), 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం) ఉన్న మీడియంలో. 100 నానోమోలార్ కార్టికోస్టెరాన్ (ఎలుకల ఒత్తిడి హార్మోన్), 24 గంటలు. టెస్టోస్టెరాన్ బాగా తగ్గింది, టనెల్‌లో (చచ్చే కణాల్లో తెగిన డీఎన్‌ఏను వెలిగించి చూపే పరీక్ష) మాత్రం కంట్రోల్‌కూ దీనికీ తేడా లేదు. డోసు పెంచాలా?

జవాబు 1: అప్పుడే పెంచకండి. టెస్టోస్టెరాన్ తగ్గడానికి కణం చావక్కర్లేదు. హార్మోన్ తగిలిన గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ (కణంలో ఈ ఒత్తిడి హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్) న్యూక్లియస్‌లోకి వెళ్లి స్టెరాయిడ్ తయారీ ఎంజైముల జన్యువులను అణిచేస్తే సరిపోతుంది. చావు ఆ తర్వాతి సంగతి: ఫాస్ అనే చావు సంకేతపు రిసెప్టర్, దానికి అంటుకునే లైగాండ్ పెరిగి, కణాన్ని కూల్చే ఎంజైముల్లో ఒకటైన కాస్పేస్-8 మేల్కొంటుంది, మైటోకాండ్రియా పొర పొటెన్షియల్ పడిపోతుంది, చివరికి కాస్పేస్-3 పని మొదలవుతుంది.

పైగా లేడిగ్ కణానికి సొంత కాపలా ఉంది. 11-బీటా హెచ్‌ఎస్‌డీ ఎంజైము కార్టికోస్టెరాన్‌ను పనికిరాని 11-డీహైడ్రో రూపంలోకి మార్చేస్తుంది. ఒత్తిడిలో హార్మోన్ ఈ ఎంజైము తట్టుకోలేనంత పెరిగినప్పుడే అసలు దెబ్బ. మీరు ఒక్కసారే పోసి వదిలేస్తే 24 గంటలకు ఎంత మిగిలిందో కొలిచి చూడండి. మధ్యలో మీడియం మార్చి హార్మోన్ మళ్లీ కలపండి. కార్బెనాక్సలోన్ అనే మందుతో ఈ ఎంజైమును ఆపిన గుంపు కూడా పెట్టండి.

జవాబు 2: ఎఫ్‌బీఎస్‌లోనే స్టెరాయిడ్లు, గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి. చార్‌కోల్‌తో శుద్ధిచేసిన సీరం వాడాలి. హార్మోన్‌ను కరిగించే ఇథనాల్ 0.1 శాతం దాటకూడదు, కంట్రోల్‌లోనూ అంతే పోయాలి.

ఇంకోటి, చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు: చచ్చే కణాలు అడుగు వదిలి పైకి తేలతాయి. స్లైడ్ కడిగినప్పుడు అవే పోతాయి, మిగిలినవి బతికినవే. తేలేవాటిని సెంట్రిఫ్యూజ్ చేసి, అంటుకున్నవాటితో కలిపి లెక్కపెట్టండి. టనెల్‌కు డీఎన్‌ఏస్ (డీఎన్‌ఏను తెంచే ఎంజైము) వేసిన, తప్పక వెలగాల్సిన స్లైడ్ ఒకటి, గుర్తును అతికించే టీడీటీ ఎంజైము వేయని, వెలగకూడని స్లైడ్ ఒకటి తప్పనిసరి. కణంలోకి దారి చేయడానికి వాడే ప్రొటీనేజ్-కే ఎక్కువసేపు ఉంచితే బతికిన కణం కూడా వెలుగుతుంది. అనెక్సిన్-వి స్టెయిన్ అయితే చావులో ఇంకా ముందు దశనే పట్టిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: తేలినవి పారబోశామండీ. ఈ ప్రభావం గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ ద్వారానే అని తేల్చడానికి, దాన్ని అడ్డుకునే ఆర్‌యూ486 మందు ఒక్కటే చాలా?

జవాబు 3: ఒక్కదాంతో తేలదు. అది ప్రొజెస్టెరాన్ రిసెప్టర్‌నూ అడ్డుకుంటుంది. ఆ గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌నే మేల్కొలిపే డెక్సామెథాసోన్‌తోనూ అదే ఫలితం వచ్చి, ఆర్‌యూ486 దాన్ని ఆపితే నమ్మొచ్చు. లేడిగ్ కణాలను గుర్తించే 3-బీటా హెచ్‌ఎస్‌డీ స్టెయిన్ కూడా వేయండి, చచ్చినవి మ్యాక్రోఫేజులైతే (వృషణంలో వాటి పక్కనే ఉండే రోగనిరోధక కణాలు) ఈ లెక్కంతా వృథా. శుక్రకణాల పూర్వకణాలను మాత్రం ఈ డిష్‌లో వెతకకండి. జంతువులో వాటి చావుకు టెస్టోస్టెరాన్ తగ్గడం కూడా ఒక కారణం, ఎలుకలో ముఖ్యంగా శుక్రకణాల తయారీ చక్రంలోని 7, 8 దశల్లో కనిపిస్తుంది. దానికి వృషణం కోతలే చూడాలి.