రైలు తప్పిపోవడం స్టామ్‌ఫర్డ్‌కు శాపమా, వరమా?

సంతబాట:
ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ దక్షిణపు అంచున, వెల్లండ్ నది ఒడ్డున స్టామ్‌ఫర్డ్ అనే పాత సంత ఊరు ఉంది. లండన్ నుంచి ఉత్తరాదికి పోయే గ్రేట్ నార్త్ రోడ్డు మీద ఉండడం వల్ల 18వ శతాబ్దంలో గుర్రపు బండ్ల రాకపోకలే ఆ ఊరికి ప్రధాన ఆదాయమయ్యాయి. అక్కడి జార్జ్ సత్రంలో లోపలికి అడుగుపెట్టగానే ఒక తలుపు మీద 'లండన్' అనీ, మరొకదాని మీద 'యార్క్' అనీ రాసి ఉంటుంది. ఎటు వెళ్లేవారు ఆ గదిలో కూర్చుని బండి కోసం ఎదురుచూసేవారు. 1850 తరువాత ప్రధాన రైలు మార్గం తూర్పున ఉన్న పీటర్‌బరో అనే ఊరి మీదుగా పోవడంతో ఆ గదులు ఖాళీ అయ్యాయి. ఊరి పక్కనే బర్లీ భవనంలో ఉండే పెద్ద భూస్వామి, ఎక్సెటర్ మార్క్విస్ (మార్క్విస్ అంటే ఒక ప్రభు బిరుదు) రైలును అడ్డుకుని ఊరి నోట్లో మట్టి కొట్టాడని తరతరాలుగా చెప్పుకుంటారు. రైలు రాకపోబట్టే ఊరు ఇంత అందంగా మిగిలిందని అంటున్నదీ వారే. నా మటుకు నాకు రెండూ నిజమేననిపిస్తుంది. కాదనేవారు కారణం చెప్పండి.

రైలుపట్టా:
మొదటిది నేను ఒప్పుకోను. నార్తాంప్టన్ నుంచి వచ్చిన రైలు 1845లోనే పీటర్‌బరో చేరింది. పైగా తూర్పున నేల చదునుగా ఉంటుంది. కొత్త మార్గం వేసేవారు అటు మొగ్గడానికి ఏ ప్రభువూ అడ్డుపడనక్కర్లేదు. ఇంతకీ స్టామ్‌ఫర్డ్‌కు రైలు అసలే రాలేదనడం కూడా తప్పు. లెస్టర్ వైపు నుంచి పీటర్‌బరోకు పోయే మార్గంలో 1848 నుంచి స్టేషన్ ఉంది. ప్రధాన మార్గాన్ని కలిపే ఎసెండైన్ శాఖ 1856లో మొదలైంది, దాని వెనుక నిలబడింది ఆ మార్క్విసే. రైలంటే గిట్టనివాడు ఆ పని ఎందుకు చేస్తాడు?

గోదారిగట్టు:
నష్టం కళ్లకు కట్టాక చేశాడని కూడా అనవచ్చు కదండీ. అయితే ఆయన పట్టు ఎక్కడుందో చూడాలంటే రైలు కంటే పొలాలే మంచి సాక్ష్యం. ఊరికి ఉత్తరాన ఉన్న, పలువురికి హక్కులుండి ఇళ్లు కట్టడానికి వీల్లేని ఉమ్మడి పొలాలను విడగొట్టి కంచెలు వేయడం చుట్టుపక్కల చాలాచోట్ల ఎప్పుడో పూర్తయితే, ఇక్కడ 1870ల దాకా జరగలేదు. అందువల్ల కొత్త ఇళ్లకు జాగా లేక, పెరిగిన జనమంతా పాత పెరళ్లలోనే ఇరుక్కున్నారు. 1867 దాకా పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపిన ఊరు ఇది. బహిరంగంగా ఓటు వేసే రోజుల్లో, ఓటర్లు తన ఇళ్లలోనే అద్దెకుండడం ప్రభువుకు ఎంత అనుకూలమో వేరే చెప్పాలా? రహస్య ఓటు 1872లో వచ్చింది, కంచెలూ ఆ దశకంలోనే వచ్చాయి. ఇది కాకతాళీయమంటే నేను నమ్మను.

రైలుపట్టా:
అదే నిజమైతే నాటింగ్‌హామ్ సంగతేమిటి? దాని చుట్టూ కూడా ఉమ్మడి పొలాలు 1845 దాకా బిగుసుకునే ఉన్నాయి. అక్కడ లేసు పరిశ్రమ ఉండడం వల్ల అదే ఇరుకు మురికివాడలను పుట్టించింది. కాబట్టి పొలాల కట్టుబాటు ఒక్కటే ఊరిని కాపాడదు; ఆ కట్టుబాటుకు తోడు పని కోసం వచ్చే జనం తక్కువగా ఉండాలి.

పీటర్‌బరో నివాసి:
శుక్రవారం సంతకు అప్పుడప్పుడు వెళుతుంటాను. అక్కడ తల పైకెత్తి చూడవలసినవి కాలీవెస్టన్ పలకల కప్పులు. సున్నపురాయి దిమ్మలను తవ్వి తీసి, చలికాలమంతా తడుపుతూ ఆరుబయట ఉంచితే మంచు దెబ్బకు అవే పొరలుగా విడిపోయేవి. చూరు దగ్గర పెద్ద పలకలు పరిచి, పైకి పోయేకొద్దీ చిన్నవి వేస్తారు. అంత పనితనంతో కట్టిన ఇళ్లను కూల్చి కొత్తవి కట్టేంత డబ్బు బండ్ల కాలం తరువాత ఎవరి దగ్గరా లేకపోయింది. నా దృష్టిలో ఊరిని మిగిల్చింది ఆ లేమి. ఆపైన 1960లో ఏ1 రహదారిని, అంటే ఆ పాత గ్రేట్ నార్త్ రోడ్డునే, ఊరి బయటికి మళ్లించారు, 1967లో ఇంగ్లండ్‌లోనే మొదటి సంరక్షిత ప్రాంతంగా (పాత కట్టడాల రూపు చెడకుండా కాపాడే చోటుగా) ఊరిని ప్రకటించారు. విచిత్రమేమిటంటే సరిగ్గా ఆ ఏడాదే మా పీటర్‌బరోను విస్తరించాలని ప్రభుత్వం పెంచదలచిన కొత్త పట్టణాల జాబితాలో చేర్చారు. ఇప్పుడు మా జనాభా 2 లక్షలు దాటింది, వారిది దాదాపు 20 వేల దగ్గరే ఉంది.

సంతబాట:
మార్క్విస్ మీద వేసిన నిందను రైలు విషయంలో వెనక్కు తీసుకుంటున్నాను, పొలాల విషయంలో మాత్రం ఉంచుతాను. లేమి అన్న మాట మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను. బ్లాక్‌స్టోన్ కర్మాగారం ఇక్కడే వ్యవసాయ యంత్రాలూ, తరువాత చమురు ఇంజిన్లూ చేసింది. మన దగ్గర కరెంటు పోయినప్పుడు అపార్టుమెంటు మూలన మోగే డీజిల్ జనరేటర్ల మీద 'స్టామ్‌ఫర్డ్' అని ఒక పలక కనిపిస్తుంటుంది, గమనించారా? ఆ పేరు ఈ ఊరిదే.